దూది నొక్కిపట్టిన ఐదు నిమిషాలు

సూది తీశాక అందరికీ ఒక నిమిషం.
పైడమ్మకి ఐదు.
గడియారం చూసి మరీ నొక్కాలి,
పలచబడ్డ నెత్తురు ఓ పట్టాన మాట వినదు.

నీలిమూత గొట్టం గీత దాకా నింపాను.
రవ్వంత తగ్గినా
ల్యాబ్‌లో అసిరినాయుడు వెనక్కి పంపేస్తాడు.
కుదపకుండా, నిద్రలో పసిబిడ్డని ఒత్తిగిలించినట్టు
నాలుగుసార్లు తిప్పి, చీటీ అంటించాను:
గరికిన పైడమ్మ, యాభై రెండు,
గుండెలో లోహపు కవాటం.

వార్డులో ఫ్యాను ఆగిపోతే
అది వినపడుతుంది.
టిక్కు. టిక్కు.
"నా లోపల గోడగడియారం పెట్టారమ్మా,
టైము మాత్రం చెప్పదు" అంటుంది.

మొదటి నిమిషం.
తలెత్తదు. నేను తిడతానని తెలుసు.
మార్చిలో ఐ.ఎన్.ఆర్. మూడు, బంగారం.
మే నెలలో ఒకటీ పాయింట్ నాలుగు.
కవాటం మీద గడ్డ కడితే ఏమవుతుందో
చేతులు తిప్పి మరీ చెప్పాను.
"మాత్ర ఎగ్గొట్టావు గదా?"
"నేదు సిస్టరమ్మా, గంగమ్మ మీదొట్టు."
నేను నమ్మలేదు.
కేస్‌షీటులో నా గుండ్రటి అక్షరాలతో రాశాను:
మందులు సరిగా వాడడం లేదు.
డాక్టరుగారు అరమాత్ర పెంచారు.

ఇప్పుడు జూలై.
పోయినవారం అంకె ఐదు దాటింది.
పళ్లు తోముకుంటే ఉమ్మి ఎర్రగా,
మోచేతి మీద నేరేడుపండు చిదిపినట్టు మచ్చ.
"రెండేసి మింగుతున్నావా ఏంటి?"
అదీ నేనే అడిగాను.

రెండో నిమిషం, మూడోది.
నా బొటనవేలి కింద ఆమె చెయ్యి
మంచు పెట్టెల్లో నాని నాని
చేపపొలుసంత గరుకు.
పోర్టు వైపు ఓడ కూత వేసింది.
ఊరికే, ఏదో ఒకటి మాట్లాడాలని
"ఏం కూర వండావు ఇవాళ?" అన్నాను.

"కవ్వళ్లు. బోట్లు ఎల్తన్నాయి గదమ్మా ఇప్పుడు.
ఆ రెండు నెల్లూ
మాకు చేపెక్కడిది, డబ్బులెక్కడివి?
రైలుకట్ట పక్కన పొన్నగంటాకు,
పక్కింటోళ్ల మునగాకు,
పొద్దూ మాపూ అదే.
మా ఆయన మేకనైపోయానే అని నవ్వేవోడు."

నాలుగో నిమిషంలో
నా వేలు కింద దూది ఉన్న సంగతి మరిచిపోయాను.

ఆకు మందుని వెనక్కి లాగుతుంది.
ఆకు ఆగిపోతే మందుకి పగ్గం ఉండదు.
పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే.
కానీ ఏప్రిల్ పదిహేనుకి వేట ఆగుతుందని,
జూన్ సగానికి మళ్లీ మొదలవుతుందని
ఈ ఊళ్లో పుట్టి పెరిగిన నాకు
ఆ రెండు అంకెలూ చూస్తే తట్టలేదే.

సముద్రానికి గొళ్లెం పెట్టిన సంగతి
మూడు మిల్లీలీటర్ల నెత్తురు
మే నెలలోనే చెప్పింది.
వినలేదు, తిట్టాను.

"ఆకు మానెయ్యమంటావా?" అంది భయంగా.
ఏం మానెయ్యమంటాను?
పొయ్యిమీదికి వచ్చిందదొక్కటే అయినప్పుడు.
"మానొద్దు. మారినప్పుడు నాకు చెప్పు.
బోట్లు ఒడ్డెక్కిన వారానికి ఒకసారి రా,
మళ్లీ నీళ్లలోకి దిగిన వారానికి ఒకసారి.
మాత్ర మేం సరిచేస్తాం."
"అంతేనా?" అంది.
అంతే. ఆ అంతే చెప్పడానికి
నాకు నాలుగు నెలలు పట్టింది.

ఐదు.
దూది ఎత్తి చూశాను.
ఆవగింజంత చుక్క, ఆగింది.

కేస్‌షీటు తెరిచి
నా గుండ్రటి అక్షరాల మీద ఒక గీత కొట్టాను,
కింద చదవడానికి వీలుగానే.
పక్కన రాశాను: వేట నిషేధం.
డాక్టరుగారు అడుగుతారు, ఇదేం రోగమని.

పైడమ్మ చెంగుతో చెయ్యి కప్పుకుని లేచింది.
ఖాళీ బుట్ట గుమ్మం బయటే పెట్టి వచ్చిందట,
వాసనకి నేను ముఖం చిట్లిస్తానని.